"గోద్ లియే" అంటే కోర్టు ఏమని వింటుంది? దత్తత గొడవల్లో బిడ్డ భవిష్యత్తును తేల్చే మాటలు

పిల్లలు లేని అక్కకు చెల్లెలు తన మూడో బిడ్డను ఇచ్చేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు "గోద్ లియే" అంటారు. పక్కింటివాళ్లు "పెంచుకుంటున్నారు" అంటారు. స్టాంపు పేపరు మీద నోటరీ "దత్తత పత్రం" అని టైపు కొట్టిస్తాడు. స్కూలు అడ్మిషన్ ఫారంలో తండ్రి పేరు దగ్గర పెంచిన తండ్రి పేరే పడుతుంది. తెలుగు ముస్లిం ఇళ్లలో ఇది ఎప్పటినుంచో ఉన్న సంగతే. రెండు కుటుంబాల మధ్య మంచి ఉన్నంతకాలం ఏ మాట వాడినా ఎవరూ పట్టించుకోరు.

మాట బరువు గొడవ మొదలయ్యాకే తెలుస్తుంది. కన్నతల్లి మనసు మారుతుంది. లేదా పెంచిన తండ్రి చనిపోయి ఆస్తి పంపకం వస్తుంది. లేదా బిడ్డను దుబాయికి తీసుకెళ్లాలంటే పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతుంది. అప్పుడు అధికారి గానీ జడ్జి గానీ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ఇది దత్తతా, గార్డియన్‌షిప్పా, కస్టడీయా? ఈ మూడింటిలో ఏది అన్నదాన్ని బట్టి బిడ్డ ఎవరింట్లో ఉండాలి, ఎవరి ఆస్తికి వారసుడు అవుతాడు, ఎవరి మీద కేసు పడుతుంది అన్నవన్నీ తేలుతాయి. ఎంత ప్రేమగా పెంచారన్నది ఆ తర్వాత వచ్చే ప్రశ్న.

ఒకే పని, వేర్వేరు పేర్లు

చట్టం దృష్టిలో దత్తత అంటే చాలా పెద్ద మాట. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బిడ్డ కన్నవాళ్ల నుంచి శాశ్వతంగా విడిపోయి, తీసుకున్నవాళ్లకు చట్టబద్ధమైన సంతానం అవుతాడు. కడుపున పుట్టిన బిడ్డకుండే హక్కులన్నీ వస్తాయి. పుట్టింటి బంధం చట్టపరంగా తెగిపోతుంది.

గార్డియన్‌షిప్ అలాంటిది కాదు. ఇది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వస్తుంది. అన్ని మతాలవాళ్లకూ వర్తిస్తుంది. కోర్టు ఒక వ్యక్తిని బిడ్డ బాగోగులు చూసే బాధ్యుడిగా నియమిస్తుంది. బిడ్డకు మేజర్ వయసు రాగానే ఆ బాధ్యత ముగుస్తుంది. గార్డియన్ తండ్రి అయిపోడు, బిడ్డ వారసుడు అయిపోడు.

కస్టడీ ఇంకా చిన్న మాట. బిడ్డ ప్రస్తుతానికి ఎవరి దగ్గర ఉండాలి అన్నంత వరకే దాని హద్దు. ఫోస్టర్ కేర్ అంటే తాత్కాలిక పోషణ. దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

తేడా అర్థం కావాలంటే బ్యాంకు ఖాతాలో నామినీని గుర్తు తెచ్చుకోవచ్చు. నామినీ డబ్బు తీసుకుంటాడు గానీ అంతమాత్రాన ఆ డబ్బుకు యజమాని కాడు, అది వారసులకు చెందుతుంది. చాలామంది నామినీనే వారసుడు అనుకుని మోసపోతారు. గార్డియన్‌ను తండ్రి అనుకోవడం కూడా అలాంటి పొరపాటే.

షరీఅత్ చెప్పే కఫాలా

ఇస్లాంలో అనాథను చేరదీయడం గొప్ప పుణ్యకార్యం. అయితే బిడ్డ నసబ్, అంటే వంశం, మారదు. రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం పెంచుకున్న హజ్రత్ జైద్‌ను మొదట్లో జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేవారు. సూరా అహ్‌జాబ్‌లోని 4, 5 ఆయతులు వచ్చాక మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యారు. పెంచినవారి ప్రేమ అలాగే ఉండగా, తండ్రి పేరు మాత్రం అసలు తండ్రిదే ఉండాలన్నది అక్కడి ఆదేశం.

ఈ పద్ధతినే కఫాలా అంటారు. తిండి, బట్ట, చదువు, ఆప్యాయత అన్నీ ఇచ్చి, వంశం మాత్రం మార్చకుండా పెంచడం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో కఫాలా పేరు దత్తత పక్కనే ఉంది. భారత్ 1992లో ఆ ఒడంబడికలో చేరింది. కానీ దేశంలో కఫాలా పేరుతో ఒక ఫారం గానీ, ఒక సర్టిఫికెట్ గానీ, ఒక ప్రత్యేక చట్టం గానీ లేదు. కఫాలా చేసిన కుటుంబం కోర్టుకు వెళ్తే, అది గార్డియన్ అనే ఇంగ్లిష్ చట్టపు మాటలో ఇమడాల్సిందే.

ఈ అనువాదంలోనే చాలా జారిపోతుంది. పెంచిన తల్లికీ పెద్దయ్యాక అబ్బాయికీ మధ్య మహ్రం ప్రశ్న ఉంటుంది. పసితనంలో పాలిస్తే రజాఅత్ బంధం ఏర్పడుతుంది, మహ్రం చిక్కు తీరుతుంది. సివిల్ చట్టంలో పాల బంధానికి మాటే లేదు. అలాగే జువెనైల్ జస్టిస్ చట్టం పుట్టింటి బంధం తెగిపోయిందంటే, షరీఅత్ మాత్రం సొంత అన్నాచెల్లెళ్ల బంధం ఎప్పటికీ తెగదంటుంది. రెండు నిఘంటువులు ఇక్కడ ఎదురెదురుగా నిలబడతాయి.

ఇఖ్రార్ అనే మాట కూడా తరచూ గందరగోళం చేస్తుంది. "ఈ బిడ్డ నా బిడ్డే" అని ఒక వ్యక్తి ఒప్పుకోవడమే ఇఖ్రార్. కొందరు దీన్ని దత్తతకు దొడ్డిదారి అనుకుంటారు. 1888లో అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ సయ్యద్ మహమూద్ ఈ విషయాన్ని వివరంగా తేల్చారు. బిడ్డ తండ్రి ఎవరన్నది సందేహంలో ఉన్నప్పుడే ఇఖ్రార్ పనిచేస్తుంది. ఆ బిడ్డ వేరొకరి సంతానమని అందరికీ తెలిసి ఉంటే, ఎంత ఒప్పుకున్నా అది చెల్లదు. తమ్ముడి కొడుకును తన కొడుకని రాసి ఇచ్చిన కాగితం కోర్టులో పడిపోయేది ఇందుకే.

2014 తీర్పు ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

సామాజిక కార్యకర్త షబ్నం హాష్మీ 2005లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. మతంతో సంబంధం లేకుండా దత్తత హక్కు అందరికీ ఉండాలని, దాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించాలని కోరారు. ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా కేసులో చేరింది. ఇస్లాంలో ఉన్నది కఫాలాయేనని, ముస్లిం బిడ్డను దత్తతకు అర్హుడిగా ప్రకటించే ముందు బాలల సంక్షేమ కమిటీలు దాన్ని గుర్తుంచుకోవాలని బోర్డు వాదించింది.

2014 ఫిబ్రవరి 19న ప్రధాన న్యాయమూర్తి పి.సదాశివం నేతృత్వంలోని ముగ్గురు జడ్జిల బెంచ్ తీర్పు ఇచ్చింది. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చు. అది ఎవరి మీదా బలవంతం కాదు. తన పర్సనల్ లా ప్రకారమే నడుచుకుంటానన్న వ్యక్తికి ఆ స్వేచ్ఛ ఉంది. దత్తతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి మాత్రం కోర్టు ఒప్పుకోలేదు.

ఈ తీర్పు గురించి వాట్సాప్‌లో రెండు రకాల మాటలు తిరుగుతుంటాయి. "ముస్లింలకు దత్తత హక్కు వచ్చేసింది, ఇక నోటరీ పత్రం చాలు" అన్నది ఒకటి. "షరీఅత్‌ను కోర్టు కొట్టేసింది" అన్నది రెండోది. తీర్పులో ఈ రెండూ లేవు. కోర్టు చూపించింది ఒక ప్రత్యేకమైన తలుపును మాత్రమే. ఆ తలుపులోంచి వెళ్లాలనుకుంటే ఆ చట్టం చెప్పిన మెట్లన్నీ ఎక్కాలి. వద్దనుకుంటే గార్డియన్‌షిప్ ఉంది. ఈ రెండింటికీ బయట నోటరీ దగ్గర తయారయ్యే మూడో దారి లేదు.

స్టాంపు పేపరు మీద దత్తత

హిందూ కుటుంబాల్లో దత్తత పత్రం రిజిస్టర్ చేయిస్తే దానికి చట్టబలం ఉంటుంది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాలూ సంతకం చేసి రిజిస్టర్ చేసిన పత్రం ఉంటే దత్తత సరిగ్గానే జరిగిందని కోర్టు మొదట నమ్ముతుంది. కాదన్నవాళ్లే రుజువు చేయాలి. ఈ చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకు వర్తిస్తుంది. ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు, యూదులకు వర్తించదు.

డాక్యుమెంట్ రైటర్ల దగ్గర ఉండే నమూనా మాత్రం ఒక్కటే. పేర్లు మార్చి అదే నమూనాను ముస్లిం కుటుంబానికీ టైపు చేసి ఇస్తారు. ఆ కాగితం ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది గానీ కోర్టులో నిలబడదు. 2025లో తమిళనాడులో ఇలాంటి విషయమే మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ ముందుకు వచ్చింది. ఒక ముస్లిం కుటుంబం బంధువుల బిడ్డ విషయంలో రాసుకున్న దత్తత పత్రాన్ని రిజిస్టర్ చేయడానికి అధికారి ఒప్పుకోలేదు. ముస్లింలు దత్తత తీసుకోవాలంటే జువెనైల్ జస్టిస్ చట్టం దారిలోనే రావాలని కోర్టు చెప్పింది.

కాగితం చెల్లకపోవడంతోనే నష్టం ఆగదు. జువెనైల్ జస్టిస్ చట్టం 80వ సెక్షన్ ప్రకారం, ఈ చట్టం పరిధిలోకి వచ్చే అనాథ, వదిలేసిన, అప్పగించిన బిడ్డను పద్ధతి పాటించకుండా దత్తత కోసం ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డబ్బు చేతులు మారితే 81వ సెక్షన్ వస్తుంది, అక్కడ శిక్ష ఐదేళ్ల దాకా ఉంటుంది. ఆసుపత్రి ఖర్చులకని, బాలింతకు సాయమని ఇచ్చిన డబ్బును కూడా కోర్టులో అమ్మకం ధరగా చూపించే అవకాశం ఉంటుంది.

"బంధువు" అంటే ఎవరు?

తెలుగులో నాన్న తమ్ముడు చిన్నాన్నే, నాన్న పినతండ్రి కొడుకూ చిన్నాన్నే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో నాన్న దూరపు కజిన్‌ను కూడా చాచా అనే పిలుస్తారు. చట్టం ఇంత ఉదారంగా ఉండదు.

బంధువుల మధ్య దత్తతను 2015 చట్టం 56వ సెక్షన్ మతంతో సంబంధం లేకుండా అనుమతించింది. ఇది ముస్లిం కుటుంబాలకు చాలా పనికొచ్చే సెక్షన్. అయితే బంధువు అన్న మాటకు అదే చట్టం ఒక నిర్వచనం రాసింది. తండ్రి తోబుట్టువులు, తల్లి తోబుట్టువులు, నాన్నవైపు తాత నానమ్మలు, అమ్మవైపు తాత అమ్మమ్మలు. చాచా, ఫుప్పు, మామూ, ఖాలా, దాదా, దాదీ, నానా, నానీ. అంతటితో జాబితా అయిపోయింది.

కజిన్ అన్న ఈ జాబితాలో లేడు. అమ్మానాన్నలు పోయాక చిన్న తమ్ముణ్ని పెంచే పెద్దక్క కూడా లేదు. తండ్రికి వరసకు తమ్ముడయ్యే చాచా లేడు. ఇంట్లో "అపనా ఖూన్" అనుకునే మనిషి చట్టం దగ్గరకు వచ్చేసరికి బయటివాడు అవుతాడు. బంధువు కోటాలో దరఖాస్తు పెట్టుకుని, ఆఫీసు చుట్టూ తిరిగి, చివర్లో తిరస్కరణకు గురయ్యే ముందు ఈ ఒక్క నిర్వచనం చదువుకుంటే చాలా శ్రమ తప్పుతుంది. అలాంటివాళ్లకు గార్డియన్‌షిప్ దారి తెరిచే ఉంటుంది.

యతీమ్, అనాథ, వదిలేసిన బిడ్డ

అన్నిటికంటే ప్రమాదకరమైన తేడా యతీమ్ అన్న మాట దగ్గర ఉంది. షరీఅత్‌లో తండ్రి పోయిన మైనరు బిడ్డ యతీమ్. తల్లి బతికే ఉన్నా యతీమే. యతీమ్‌ఖానాల్లో చదువుకునే పిల్లల్లో తల్లులున్నవాళ్లు ఉంటారు. సెలవులకు ఇంటికి వెళ్లి వస్తుంటారు. చట్టంలో అనాథ అంటే తల్లీ తండ్రీ గార్డియన్ ఎవరూ లేని బిడ్డ, లేదా గార్డియన్ ఉన్నా చూసుకోలేని, చూసుకోనన్న బిడ్డ. యతీమ్‌ను అనాథ అని తర్జుమా చేసి రిజిస్టర్‌లో రాస్తే, తల్లి ఉన్న బిడ్డ కాగితం మీద తల్లి లేనివాడు అయిపోతాడు.

అనాథ కాక చట్టంలో ఇంకో రెండు మాటలున్నాయి. కన్నవాళ్లు వదిలేసి వెళ్లిపోయారని విచారణలో తేలిన బిడ్డ ఒకరు. తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల కన్నవాళ్లే కమిటీ ముందుకు వచ్చి అప్పగించిన బిడ్డ మరొకరు. అప్పగించినవాళ్లకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. వదిలేసిన బిడ్డ విషయంలో తల్లిదండ్రుల కోసం వెతకాలి. రెండేళ్లలోపు పిల్లలైతే రెండు నెలల్లో, అంతకంటే పెద్దవాళ్లయితే నాలుగు నెలల్లో ఆ విచారణ ముగియాలి. ఆ తర్వాతే బాలల సంక్షేమ కమిటీ బిడ్డను దత్తతకు చట్టపరంగా అర్హుడిగా ప్రకటిస్తుంది. ఒక్కసారి ఈ ముద్ర పడితే వెనక్కి రావడం చాలా కష్టం.

ఈ మాటలు తప్పు చోట పడితే ఏమవుతుందో 2021లో కేరళ కేసు చూపించింది. తిరువనంతపురంలో 2020 అక్టోబరులో ఒక పెళ్లికాని యువతికి బాబు పుట్టాడు. ఆమె తల్లిదండ్రులు బిడ్డను శిశు సంక్షేమ మండలి ఉయ్యాలకు చేర్చారు. తన అనుమతి లేకుండా తీసుకెళ్లారని ఆమె, ఒప్పుకున్నాకే ఇచ్చామని కుటుంబం వాదించాయి. బాబును ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక దంపతులకు దత్తతకు ముందు ఉండే ఫోస్టర్ కేర్ కింద ఇచ్చారు. తల్లి రోడ్డు మీద కూర్చుని పోరాడింది. 2021 నవంబరులో బాబును వెనక్కి తెప్పించి డీఎన్ఏ పరీక్ష చేశారు. నవంబరు 24న ఫ్యామిలీ కోర్టు బిడ్డను తల్లికి అప్పగించింది.

ఆ తల్లికి బిడ్డ తిరిగి రావడంలో ఒక చిన్న మాట పెద్ద పాత్ర పోషించింది. అప్పటికి బాబు ఫోస్టర్ కేర్ దశలోనే ఉన్నాడు, దత్తత తుది ఉత్తర్వు ఇంకా రాలేదు. వచ్చి ఉంటే ఆమె చట్టం ముందు తల్లిగా మిగిలేది కాదు. ఇటు ఆంధ్ర దంపతుల తప్పు ఏమీ లేదు. వాళ్లు నిబంధనల ప్రకారం వరుసలో నిలబడి బిడ్డను తెచ్చుకున్నారు. కొన్ని నెలలు ఎత్తుకుని తిరిగిన బిడ్డను ఇచ్చేయాల్సి వచ్చింది. మొదట్లో ఒక కాగితం మీద బిడ్డ హోదా సరిగ్గా రాయకపోతే, దాని శిక్ష ఏ పాపం తెలియని రెండు ఇళ్లకు పడింది.

తెలుగు నేలకు ఇది కొత్త పాఠం కాదు. 1999, 2001 సంవత్సరాల్లో హైదరాబాద్‌లోని కొన్ని దత్తత సంస్థల మీద దాడులు జరిగాయి. లంబాడా తండాల నుంచి తక్కువ డబ్బుకు తెచ్చిన ఆడపిల్లలను విదేశీ దత్తతకు పంపుతున్నారన్నది ఆరోపణ. సంస్థల దగ్గర తల్లుల వేలిముద్రలతో అప్పగింత పత్రాలు ఉన్నాయి. చదువురాని తల్లికి ఆ పత్రంలో ఉన్న మాట అర్థం తెలుసా అన్నదే అసలు ప్రశ్న అయింది. చివరికి 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పేదరికం, ఆడపిల్లలు ఎక్కువయ్యారన్న కారణాలతో బిడ్డలను అప్పగించే పద్ధతిని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

దత్తతా, కొనుగోలా?

2024 మేలో హైదరాబాద్ శివారు మేడిపల్లిలో శిశువుల అమ్మకం ముఠాను పోలీసులు పట్టుకున్నారు. ఢిల్లీ, పుణే వైపు నుంచి తెచ్చిన పసివాళ్లను తెలంగాణ, ఆంధ్రలోని సంతానం లేని దంపతులకు అమ్మారన్నది కేసు. పదికి పైగా పిల్లలను ఆ ఇళ్ల నుంచి తీసుకుని శిశు గృహానికి తరలించారు. ఆ కుటుంబాలు తెలంగాణ హైకోర్టుకు వెళ్లాయి. సింగిల్ జడ్జి ఒక రకంగా, డివిజన్ బెంచ్ ఇంకో రకంగా చెప్పాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడికి వెళ్లిన కుటుంబాలకు పిల్లలను తిరిగి అప్పగించాలని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ కేసులో ఒకే సంఘటనకు మూడు పేర్లు పడ్డాయి. కుటుంబాలు దత్తత అన్నాయి. పోలీసులు కొనుగోలు అన్నారు. సంక్షేమ అధికారులు సంరక్షణ అవసరమైన బిడ్డ అన్నారు. ఏ మాట గెలిస్తే బిడ్డ అటు వెళ్తుంది. మాటలు తేలేలోపు నెలలు గడిచిపోయాయి. అమ్మా అనడం నేర్చుకునే వయసులో పిల్లలు ఆయాల చేతుల్లో ఉండిపోయారు. చివరికి పిల్లలు ఇంటికి చేరారని సంతోషించి, ఈ తీర్పును అడ్డదారికి అనుమతిగా చదవకూడదు. అందరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లే శక్తి ఉండదు, వెళ్లినా ప్రతిసారీ ఇలాగే తేలుతుందన్న భరోసా లేదు.

హిజానత్ వేరు, విలాయత్ వేరు

దత్తత పేరు పెట్టకపోయినా ఇలాంటి గొడవ ఇంకో రూపంలో వస్తుంది. కొడుకు చనిపోతాడు. కోడలు పుట్టింటికి వెళ్తుంది. బిడ్డ మాదేనని దాదా దాదీ అంటారు. ఇక్కడ రెండు మాటలు కలిసిపోతాయి. బిడ్డను ఒడిలో పెట్టుకుని పెంచే హక్కు హిజానత్. బిడ్డ తరఫున ఆస్తి, పెళ్లి వంటి విషయాల్లో నిర్ణయాలు తీసుకునే అధికారం విలాయత్. హనఫీ ఫిఖ్‌లో అబ్బాయికి ఏడేళ్లు వచ్చేదాకా, అమ్మాయి యుక్తవయసుకు వచ్చేదాకా హిజానత్ తల్లిదే. విలాయత్ తండ్రివైపు ఉంటుంది.

1918లో ప్రివీ కౌన్సిల్, తల్లికి బిడ్డను పెంచే హక్కు ఉన్నా బిడ్డ ఆస్తి మీద గార్డియన్ అధికారం దానంతట అదే రాదని చెప్పింది. బిడ్డ పేరున ఉన్న స్థలాన్ని తల్లి అమ్మితే ఆ అమ్మకం చెల్లకపోవడానికి ఈ తేడాయే కారణం. 2010లో సుప్రీంకోర్టు ఇదే తేడాను ఇంకో వైపు నుంచి చూపింది. భార్య పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తండ్రికీ, పిల్లల తల్లివైపు వాళ్లకూ మధ్య వచ్చిన కేసు అది. తండ్రి సహజ గార్డియన్ అయినంత మాత్రాన కస్టడీ కూడా వెంటనే అతనికే పోవాలని లేదని, పిల్లల క్షేమం ముందు చూడాలని కోర్టు చెప్పి, తాత్కాలికంగా తల్లివైపే ఉంచింది.

పిటిషన్‌లో ఏ మాట రాశారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. కస్టడీ కావాల్సిన అమ్మమ్మ గార్డియన్‌షిప్ అడిగితే, తండ్రి బతికుండగా ఎందుకివ్వాలన్న ప్రశ్న ఎదురవుతుంది. గార్డియన్‌షిప్ కావాల్సిన తల్లి కస్టడీ మాత్రమే అడిగితే, రేపు బ్యాంకులో బిడ్డ డబ్బు తీయడానికి మళ్లీ కోర్టుకు రావాలి.

గల్ఫ్, అమెరికా విమానం ఎక్కే ముందు

హైదరాబాద్, కడప, గుంటూరు కుటుంబాల్లో విదేశాల్లో ఉన్న తోబుట్టువుకు బిడ్డను ఇచ్చే ఆలోచన తరచూ వస్తుంది. కోర్టు నియమించిన గార్డియన్ బిడ్డను కోర్టు పరిధి దాటించాలంటే కోర్టు అనుమతి ఉండాలి. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, చెల్లుబాటయ్యే ఉత్తర్వు లేకుండా బిడ్డను విదేశంలో వేరొకరి సంరక్షణకు పంపడం 80వ సెక్షన్ కింద నేరం. విదేశాల్లో ఉన్న బంధువు దత్తతకు కేంద్ర దత్తత సంస్థ కారా నుంచి నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ఇటు నోటరీ అఫిడవిట్ మీద నమ్మకంతో టికెట్ కొంటే, అటు వీసా ఆఫీసు గార్డియన్ అన్న మాట చూసి దత్తత కాదు కదా అని ఆపేస్తుంది.

గొడవ రాకముందే తేల్చుకోవాల్సినవి

బిడ్డను ఇంటికి తెచ్చే ముందే కుటుంబం ఒక నిర్ణయం తీసుకోవాలి. షరీఅత్ ప్రకారం నసబ్ మార్చకుండా పెంచాలనుకుంటే దాన్ని దత్తత అని ఎక్కడా రాయకూడదు. 1890 చట్టం కింద గార్డియన్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. తండ్రి పేరు అసలు తండ్రిదే ఉంచి, గార్డియన్ కాలమ్‌లో పెంచినవాళ్ల పేరు రాయించాలి. వారసత్వం రాదు కాబట్టి బతికుండగానే హిబా ఇవ్వాలి, లేదా వసియ్యత్ రాయాలి. హిబాకు హద్దు లేదు గానీ ఆస్తి నిజంగా అప్పగించాలి. వసియ్యత్ మాత్రం ఆస్తిలో మూడో వంతు దాటితే మిగతా వారసుల ఒప్పుదల కావాలి. వాయిదా వేసుకుంటూ పోతే, పెంచిన తండ్రి జనాజా మరుసటి రోజే ఆ బిడ్డ పరాయివాడు అవుతాడు.

జువెనైల్ జస్టిస్ చట్టం దారే కావాలనుకుంటే పూర్తిగా ఆ దారిలోనే నడవాలి. కారా పోర్టల్‌లో నమోదు, కన్నవాళ్ల అంగీకారం, ఐదేళ్లు దాటిన బిడ్డ అంగీకారం, జిల్లా బాలల సంరక్షణ యూనిట్ పరిశీలన, ఆపై ఉత్తర్వు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరే. ఉత్తర్వు వచ్చాక పుట్టిన సర్టిఫికెట్‌లో కొత్త తల్లిదండ్రుల పేర్లు వస్తాయి. ఇంత పెద్ద మార్పు దీనివల్ల వస్తుందని తెలిసే తీసుకోవాలి. దీని గురించి ముందే ఆలిమ్‌తో మాట్లాడటం కూడా ఈ నిర్ణయంలో భాగమే.

ఎవరూ లేని పసిబిడ్డ దొరికితే ఇంటికి తీసుకెళ్లి పెంచాలన్న జాలి సహజం. ముందు 1098కి ఫోన్ చేయాలి. లేకపోతే జాలి చూపినవాళ్లే కేసులో ముద్దాయిలు కావచ్చు. వకీలు ఖర్చు భయపెడితే, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకూ పిల్లలకూ ఉచిత న్యాయ సాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల సంస్థ కార్యాలయం ఉంటుంది.

సమాజం చేయాల్సిన పని కూడా ఒకటి మిగిలింది. నికాహ్‌నామా తెలుగులో, ఉర్దూలో దొరుకుతున్నట్టే, కఫాలా కుటుంబాల కోసం గార్డియన్ పిటిషన్ నమూనా, హిబానామా నమూనా తెలుగులో మసీదు కమిటీల దగ్గర ఉండాలి. యతీమ్‌ఖానా రిజిస్టర్లలో తల్లి ఉన్న బిడ్డకు తల్లి పేరు, ఫోన్ నంబరు తప్పనిసరిగా రాయాలి. పెద్ద ఖర్చుతో పని లేదు, జమాఅత్‌లో ఒక వకీలు, ఒక ఆలిమ్ కలిసి కూర్చుంటే నెలలో తయారవుతుంది. రెండు కుటుంబాలు ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునే రోజుల్లో సరైన మాట రాసుకోవడం తేలిక. సమన్లు అందాక ప్రతి మాటకూ రెండు పక్షాలు, ఇద్దరు వకీళ్లు, ఏళ్ల తరబడి వాయిదాలు. ఆ వాయిదాల మధ్య పెరిగేది బిడ్డే.